తొలి గీటు

ఈ ఉదయం మా ఇంటి నీటి మోటారును బాగుచేయడానికి వచ్చిన మనిషి తుప్పుపట్టిన ఒక నట్టుతో చాలాసేపు పెనుగులాడాడు. కిరసనాయిలూ పాత ఇనుమూ కలిసిన వాసన వరండా అంతా అలముకొంది. చివరకు ఆ నట్టు లొంగేటప్పుడు చిన్న శబ్దం చేసింది. ఏడ్పుకూ నిట్టూర్పుకూ నడుమ ఉండే ఆ ధ్వనిని ఒకసారి విన్నవారు మరచిపోలేరు. నేను చేతిలోని పత్రికను పక్కన పెట్టి అప్రయత్నంగా అతడి స్పానరు వైపు చూశాను. దాని మీద గీట్లు ఉన్నాయా అని చూశాను. ఉన్నాయి. మనసు కుదుటపడింది. ఛందస్సూ వ్యాకరణమూ బోధిస్తూ జీవితం గడిపిన మనిషికి ఇనుప పనిముట్టు మీది గీట్లతో ఏమి పని అని మీకు తోచవచ్చు. ఆ పనిని నాకు అంటగట్టినవారు హోసూరు బజారులో పనిముట్ల అంగడి నడిపిన మునిరత్నమ్మగారు.

ఉద్యోగ విరమణ చేసిన కొత్తలో ఆమెను మొదటిసారి చూశాను. మా గురువుగారు నాకు ఇచ్చిన పాత కావ్యసంపుటాలు కొన్ని మా ఇంట అద్దాల బీరువాలో ఉండేవి. తోలు అట్టలు, వాటి మీద బంగారు రంగు అక్షరాలు. దుమ్ము సోకకుండా పట్టుగుడ్డ చుట్టి ఉంచేవాణ్ణి. ఆ బీరువా తలుపు బందు వదులై సరిగా మూతపడకపోవడంతో, దాన్ని బిగించడానికి తిరుప్పుళి కోసం, అంటే స్క్రూడ్రైవరు కోసం, ఆ అంగడికి వెళ్ళాను. నల్లదారంతో కళ్ళద్దాలను మెడకు వేలాడదీసుకొన్న ఒక పొడవాటి స్త్రీ రెండు తిరుప్పుళ్ళను నా ముందు పెట్టింది. చూపుకు రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఒకదాని ధరకు రెండోది పది రెట్లు. ఎందుకమ్మా ఇంత తేడా అని అడిగాను.

"ఏం పనికి అయివారూ?" అన్నది ఆమె. పాఠాలు చెప్పేవారిని ఇటువైపు అయివారని పిలుస్తారు. నేను చెప్పకుండానే ఆమె నా వృత్తిని ఎలా పసిగట్టిందో ఇప్పటికీ తెలియదు.

"బీరువా తలుపు బిగించడానికి."

"రోజూ ఊడదీసి బిగిస్తారా?"

"లేదమ్మా. ఒక్కసారే."

"అట్లయితే తక్కువది తీసుకోండి. ఆ ఎక్కువ ధరది మీ ఇంట్లో ఉద్యోగం లేక కూర్చుంటాది. మీకు తోడు."

తక్కువ ధరది కొనుక్కొని ఇంటికి వచ్చి తలుపు బిగించాను. కానీ నా ప్రశ్నకు జవాబు దొరకలేదు. పనిని బట్టి ఎంచుకోవాలన్నది అర్థమైంది గాని, ఆ పది రెట్ల విలువ ఇనుములో ఎక్కడ దాగి ఉన్నదో తెలియలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను, ఆ మరుసటి వారమూ వెళ్ళాను. ఏదీ కొనకుండా ప్రశ్నలు మాత్రమే వేసే మనిషిని ఆమె కసురుకోలేదు. మధ్యాహ్నం తాను భోజనానికి వెళ్ళి వచ్చేదాకా గల్లా దగ్గర కూర్చోమన్నది. "సుమ్మనే అడుగుతూ నిలబడేదానికి బదులు కూర్చోని అడగండి" అన్నది; సుమ్మనే అంటే ఊరికే అని. అలా నాకు మలివయసులో రెండో బడి దొరికింది.

అంగడి ముందరి బల్లకు ఒక వైసు, అంటే వస్తువును కదలకుండా పట్టి ఉంచే ఇనుప సాధనం, బిగించి ఉండేది. దాని దవడల నడుమ తుప్పు తిన్న పెద్ద బోల్టు, దాని మీద నట్టు. లారీ మెకానిక్కుగా బతికి చనిపోయిన ఆమె భర్త తన చేతులతో బిగించినదట. ఒకనాడు ఆమె నాకు రెండు రింగు స్పానర్లు ఇచ్చి, కళ్ళు మూసుకొని ఒకదాని తరువాత ఒకటి ఆ నట్టుకు తగిలించి చూడమన్నది. మొదటిది తగిలించగానే గుండ్రంగా అటూ ఇటూ కదిలింది, వదులు చెప్పులో పాదం కదిలినట్లు. రెండోది కదలలేదు. నట్టు చుట్టూ అరచెయ్యి మూసుకొన్నట్లు అమరింది. ఖరీదైనది ఆ రెండోదే. ఈ తేడా ఎందుకని అడిగాను. "అది నట్టు మూలలని కొరుకుతాది. కొరికి కొరికి నట్టూ అరుగుతాది, అదీ అరుగుతాది. ఇది మూలల జోలికే పోదు, పక్కలను పట్టుకుంటాది" అన్నది. ఎన్నో పద్యాలకు అన్వయం చెప్పిన నేను ఆ మాటను ఇంటికి పోయేదాకా నెమరువేసుకొంటూ నడిచాను.

అయితే ఆమె ఖరీదైన వస్తువును గుడ్డిగా పొగిడే మనిషి కాదు. తళి ఊరి నుంచి, పూలతోటలకు షెడ్లు కట్టే ఒకాయన వచ్చి మంచి కంపెనీ సుత్తి కావాలంటే ఇవ్వలేదు. "మేకు మీద కొట్టేదానికి కంపెనీ పేరు ఎందుకప్పా? మేకు చదువుకొన్నదా? పిడి గట్టిగా ఉండేది తీసుకొనిపో" అని పంపింది. ఆమె మురిపెమంతా స్పానర్ల మీదనే. ఖరీదైన సెట్టు అమ్మినప్పుడల్లా పెట్టె మూత మీద చెయ్యి వేసి, కొన్నవారితో ఒకే మాట చెప్పేది: "బిడ్డ మాదిరి చూసుకోప్పా." ఆ మాట నాకెంతో ఇష్టంగా ఉండేది. దాని మూలంగా ఒక మనిషి చెయ్యి పోవచ్చునని ఆమెకు గాని నాకు గాని తోచలేదు.

ఆ మనిషి మునియప్ప. రాయకోటలో ట్రాక్టర్లు బాగుచేసేవాడు. చుట్టుపక్కల సేద్యగాళ్ళందరికీ అతడే దిక్కు. ఒకరోజు వచ్చి, గాజుపెట్టెలో ఉన్న రింగు స్పానర్ల సెట్టును చాలాసేపు చూసి అడిగాడు: "దుడ్డు పెట్టినదానికి తగినట్టు ఉంటాదామ్మా? ఊళ్ళో అందరూ నాకు పిచ్చి పట్టిందంటారు."

"ఉంటాది. నీ తరువాత నీ కొడుకుకూ వస్తాది. బిడ్డ మాదిరి చూసుకో."

అతడు పెట్టెను భుజం మీది తువ్వాలులో చుట్టి, రైలులో ఒడిలో పెట్టుకొని తీసుకుపోయాడట. కొన్ని నెలల తరువాత, రాయకోట నుంచి వచ్చిన ఒక కొనుగోలుదారు చెప్పాడు: స్పానరు జారి, మునియప్ప కుడిచెయ్యి ట్రాక్టరు వెనుక తగిలించిన, మట్టిని పొడిచేసే రొటవేటరు కత్తికి కొట్టుకొన్నది, నడిమి వేళ్ళ నరాలు తెగాయి, కృష్ణగిరిలో కుట్లు వేశారు, వేళ్ళు మళ్ళీ ముడుచుకొంటాయో లేదో వైద్యులు చెప్పలేకపోతున్నారు. మునిరత్నమ్మగారు చేతిలోని కాఫీ లోటాను కింద పెట్టింది. "మన స్పానరే జారిందా?" అన్నది. ఎవరికీ తెలియదు. మర్నాడు అంగడి మూసి, నన్ను వెంటబెట్టుకొని, రాయకోట మీదుగా పోయే ధర్మపురి రైలు ఎక్కింది. దారి పొడవునా కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చొన్నది.

మునియప్ప ఇంట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది. కాళ్ళు కడుక్కొని లోపలికి రమ్మని అతడి భార్య పిలిచింది. దేవుడి గూటి ముందు నుంచి పోతూ మునిరత్నమ్మగారు ఆగిపోయింది. పటాల కింద ఎర్ర మఖమలు గుడ్డ మీద ఆ స్పానర్లు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కదానికి పసుపు, కుంకుమ. ఆయుధపూజనాడు పెట్టినవి, తరువాత తీయలేదు. కర్మాగారంలో పూసిన నూనె కూడా ఇంకా ఆరలేదు. ఒక్క గీటు లేదు.

"ఇవి ఈడ ఉంటే, నువ్వు దేనితో పని చేసినావప్పా?" అన్నది ఆమె మెల్లగా.

"పాతదాంతో. నోరు వెడల్పయిపోయి ఉండె. నట్టు మొండికేసింది, బలంగా లాగినాను."

"ఇవి ఎందుకు తియ్యలేదు?"

"మొండి నట్టుకు వీటిని పెడితే గీట్లు పడవా? మీరే చెప్పినారు గదమ్మా, బిడ్డ మాదిరి చూసుకోమని."

"బిడ్డను గూట్లో కూర్చోబెట్టి సాకుతారా యాడన్నా?"

వెనుక నుంచి అతడి భార్య అందుకొన్నది. "మా బిడ్డలకు ఇన్నాళ్ళలో ఒకరోజు తల దువ్వలేదమ్మా ఆయప్ప. వీటి మీద దుమ్ము మాత్రం దినమూ ఊదుతాడు." మునియప్ప నవ్వాడు. మునిరత్నమ్మగారు నవ్వలేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం, నాతో కాక తనతో తాను అనుకొన్నట్లు, "నా మాటే జారింది" అన్నది.

కుట్లు మానిన తరువాత ఆమె మునియప్పను ఊరికే ఉండనివ్వలేదు. వైద్యుడు ఇచ్చిన రబ్బరు బంతిని ఇంట్లో నొక్కుతాడని నమ్మకం లేక, వారంలో కొన్ని రోజులు హోసూరుకు రప్పించి అంగడిలో నా పక్కన కూర్చోబెట్టేది. అతడు బంతి నొక్కుతూ వేళ్ళ వైపు చూసుకొనేవాడు. చూపుడు వేలూ బొటనవేలూ మాట వినేవి. నడిమివి సగం దాకా వచ్చి ఆగిపోయేవి. "సగం పిడికిలితో ఎవడన్నా ట్రాక్టరు అప్పజెబుతాడా అయివారూ?" అని ఒకసారి అడిగాడు. మాట మార్చడానికి మునిరత్నమ్మగారు, నేను ఎప్పుడో చెప్పిన నా బీరువా పుస్తకాల సంగతి ఎత్తింది.

"ఆ పొత్తకాలు ఎప్పుడన్నా చదువుతారా?"

"అట్టలు పాడవుతాయని తీయనమ్మా. చదవడానికి వేరే ప్రతులు ఉన్నాయి."

ఆమె మునియప్ప వైపు చూసింది. మునియప్ప ఆమె వైపు చూశాడు. "ఇదిగో, ఇంకొక దేవుడి గూడు" అన్నాడు అతడు. ఇద్దరూ నవ్వారు. అతడు గాయపడ్డాక ఆమె నవ్వు వినడం నాకు అదే మొదలు. మర్నాడు పట్టుగుడ్డ విప్పి ఒక సంపుటాన్ని అంగడికి తీసుకుపోయాను. పద్యం చదివి అర్థం చెబుతూ పోతే, మునియప్ప బంతి నొక్కడం మరచి వినేవాడు. ఆమె గల్లా మీద వేలితో తట్టి గుర్తుచేసేది.

అలాంటి ఒకరోజు అతడు తన స్పానర్ల పెట్టెను వెంట తెచ్చుకొన్నాడు. అమ్మిపెట్టమని అడగడానికి తెచ్చాడు. మునిరత్నమ్మగారు పెట్టె తెరిచి, పసుపు మరక ఉన్న ఒక స్పానరు తీసి, వైసులోని బోల్టు చూపించింది. "ఊడదియ్యి. రాకపోతే అమ్ముదాము."

అతడు ముందు పాత అలవాటు ప్రకారం పిడికిలి బిగించబోయాడు. వేళ్ళు మూసుకోలేదు. "పట్టుకోవద్దప్పా" అన్నది ఆమె. "అదే పట్టుకొని ఉండాది. నువ్వు తొయ్యి." అతడు స్పానరును నట్టుకు తగిలించి, పిడి మీద అరచెయ్యి ఆనించి, భుజంతో నెట్టాడు. పాత స్పానరయితే ఆ నెట్టుడుకు జారి ఎగిరేది. ఇది కదలలేదు. బజారులో బస్సు హారను మోగుతోంది. అతడి మెడ నరాలు ఉబ్బాయి. అప్పుడు ఆ నట్టు, నేను ఈ ఉదయం విన్న శబ్దమే చేసి, తిరిగింది. స్పానరు పిడి వైసు దవడకు రాసుకొని, నిగనిగలాడే ఇనుము మీద పొడవైన గీటు పడింది. మునియప్ప ఆ గీటును బొటనవేలితో తడిమాడు. "పోయింది దీని అందం" అన్నాడు. కానీ పెట్టె మూసి తన ఒడిలోకి తీసుకొన్నాడు. అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆనాటి నుంచి ఆ అంగడికి ఒక కొత్త ఆచారం వచ్చింది. ఖరీదైన స్పానరు కొన్నవారు ఎవరైనా సరే, ఆ నట్టును ఒకసారి ఊడదీసి, బిగించి, తొలి గీటు అక్కడే వేసుకొని పోవాలి. కొందరు విసుక్కొన్నారు. కొత్త వస్తువును పాడుచేసి అమ్ముతావా అని డెంకణికోట ఆసామి ఒకడు గొడవపడి, కొనకుండా వెళ్ళిపోయాడు కూడా. ఆమె చలించలేదు. 'బిడ్డ మాదిరి చూసుకో' అన్న మాట మళ్ళీ ఆమె నోట వినలేదు. అంత ధర పెట్టడం దండగ కాదా అని ఎవరైనా అడిగితే మాత్రం, "గూట్లో పెడితే దండగ. చేతిలో పెడితే చూస్తాము" అనేది.

మునిరత్నమ్మగారు ఇప్పుడు లేరు. అంగడి ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మునియప్ప రాయకోటలో అరచేతితో నెడుతూ ట్రాక్టర్లు బాగుచేస్తూనే ఉన్నాడు. నా సంపుటాలకు పట్టుగుడ్డలు లేవు, బీరువా తలుపు మళ్ళీ వదులైనా నేను బిగించలేదు. ఈ ఉదయం మోటారు మనిషి వెళ్ళిపోయాక, వాటిలో ఒకదాన్ని తీసి చదువుకొన్నాను. వర్షాన్ని వర్ణించే ఒక పద్యం పక్కన, అంచు మీద, అంగడిలో చదివిన రోజుల నాటి, గ్రీజు అంటిన మునియప్ప బొటనవేలి ముద్ర ఉంది. ఎన్నో ఏళ్ళు ఆ పుటను మచ్చ లేకుండా కాపాడాను. ఇప్పుడు పుస్తకం తెరిస్తే అదే పుట తెరుచుకొంటుంది.