టీ పక్కన బిళ్ళ

నౌపడ ఉప్పుమడుల గట్టు మీద సుభద్రమ్మ టీబడ్డీకి పేరొచ్చింది టీ వల్ల కాదు. ఆ టీ ఉత్త పలచన. పేరంతా గ్లాసు పక్కన పెట్టే నొప్పుల బిళ్ళది. మడి దిగి ఉప్పు లాగేవాళ్ళకు నడుములు పట్టేస్తాయి, ఎండలో నీళ్ళు తాగే తీరిక కూడా ఉండదు. బిళ్ళ పడితే పూట గడిచిపోతుంది. అందుకే అడక్కముందే చేతిలో పెట్టేది, పైసా తీసుకునేది కాదు. మనసు వెన్న. నోటి గురించి మాత్రం అడక్కండి.

ఆ వేసవిలో డాక్టర్ సింధూరి వచ్చింది. నొప్పుల మందులు కిడ్నీలను ఎలా దెబ్బతీస్తాయో ఆమె పరిశోధన. కూలీలందరికీ రక్తపరీక్షలు చేసి, మందులేమైనా వాడుతున్నారా అని అడిగింది.

"నాకేటి రోగం తల్లీ, మందులెందుకు?" అన్నారందరూ.

అబద్ధమాడలేదు పాపం. వాళ్ళ దృష్టిలో బిళ్ళ మందే కాదు, టీలో భాగం.

పరీక్షల్లో కొందరి కిడ్నీలు దెబ్బతింటున్నాయని తేలింది. వాళ్ళలో సుభద్రమ్మ చెల్లెలు ఈశ్వరి ఒకతె. మందులే వాడనివాళ్ళకు ఇదెలా వచ్చిందో సింధూరికి అంతుపట్టలేదు. ఈశ్వరి కబురు అక్కకు చెబుదామని బడ్డీకొచ్చి, ముందు టీ అడిగింది. సుభద్రమ్మ అలవాటు కొద్దీ గ్లాసు పక్కన బిళ్ళ పెట్టింది.

"ఇదేమిటమ్మా?"

"ఎండన పడొచ్చినావు, నడుం లాగుతాది. ఏసుకో."

సింధూరి కోప్పడినా బాగుండేది, సుభద్రమ్మ నాలుగు తిట్టి ఊరుకునేది. ఆమె మెల్లగా విడమరచి చెప్పింది. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు రోజూ ఈ బిళ్ళ పడితే కిడ్నీలకు రక్తం సరిగా అందదు. ఈశ్వరి కిడ్నీలకూ అదే జరుగుతోంది, ఇంకా ముదరలేదు. మానేస్తే కోలుకోవచ్చు, కానీ ఖాయంగా చెప్పలేను, అంది.

సుభద్రమ్మ గ్లాసు పక్కన పెట్టిన బిళ్ళను వెనక్కి లాక్కుంది. తల్లి పోయాక తనే ముద్దలు కలిపి పెట్టి పెంచిన పిల్ల ఈశ్వరి.

"నేనే ఇచ్చినాను తల్లీ. నా సేత్తోనే."

"తెలియక ఇచ్చారు. ఇప్పుడు నాకు మీ సాయం కావాలి. నాకు చెప్పనివి మీకు చెబుతారు."

మర్నాటికి బిళ్ళలన్నీ పారేయడంతో డబ్బా ఖాళీ అయింది, బడ్డీ ముందు నీళ్ళకుండ వెలిసింది. చెంబెడు నీళ్ళు తాగితేనే టీ. ఎవరెవరు ఏ బిళ్ళ మింగుతున్నారో టీ పోస్తూనే కూపీ లాగి, వాళ్ళ చేతే డాక్టరమ్మకు చెప్పించింది. ముసలి సూరయ్య మాత్రం మొండికేశాడు.

"బిళ్ళకి డబ్బులిస్తానంతన్నాను కదే!"

"నీ డబ్బులెవుడిక్కావాలి మావా? ముందు నీళ్ళు తాగు!"

కొందరు అలిగి వేరే బడ్డీ చూసుకున్నారు. అదేమంత బాధ కాదు. ఒక సాయంత్రం ఈశ్వరి నడుం పట్టుకుని వచ్చి, "ఒక్కటియ్యే అప్పా, సచ్చిపోతన్నాను," అని ఏడ్చింది. అప్పుడు మాత్రం సుభద్రమ్మ ప్రాణం ఉసూరుమంది. కానీ ఇవ్వలేదు. వేడినీళ్ళతో కాపడం పెడుతూ తనూ ఏడ్చింది.

వానలు పడ్డాక మళ్ళీ పరీక్షలు చేశారు. ఈశ్వరిని వెంటబెట్టుకుని సింధూరే బడ్డీకి వచ్చింది.

"కిడ్నీలు కోలుకుంటున్నాయి సుభద్రమ్మగారూ."

"ఏటీ? మళ్ళీ సెప్పు!"

సింధూరి మళ్ళీ చెప్పింది. సుభద్రమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని టీ పోసింది, చెయ్యి తనంతట తనే డబ్బాలోకి వెళ్ళింది. అందులో ఇప్పుడు బెల్లం ముక్కలున్నాయి.

"ఒసే, నోరు తెరు," అని చెల్లెలి నోట్లో తన చేత్తోనే పెట్టింది.