యొకాస్తా పరీక్ష

శాంటో డొమింగోలో నెట్‌వర్కింగు ల్యాబుకు తలనిండా జుట్టు చుట్టుకునే రోలర్లతోనే వచ్చే యొకాస్తా, ఒంటి వేలితో టైపు చేస్తూ రౌటరును "నా బంగారం" అని బుజ్జగిస్తుంది. ఆవేళ ఆఖరి పరీక్ష. గదిలోని కంప్యూటర్లన్నీ ఒకే చిరునామాతో బయటి నెట్‌లోకి వెళ్ళేలా అమర్చాలి. లోపలి వైపుకు బయట అని, బయటి వైపుకు లోపల అని రాసేసి, చాలాసేపు రౌటరునే తిట్టింది. సరిదిద్దగానే బయటినుంచి జవాబొచ్చింది. కుర్చీ వెనక్కి తన్ని మెరెంగే నాట్యం అందుకుంది.

"అమ్మా తల్లీ, ముందు సేవ్ చెయ్యి!" మాస్టారు లెయొంతె మొత్తుకున్నాడు.

"ఉండండి మాస్టారూ, ఈ ఒక్క చుట్టు!"

కరెంటు పోయింది. తిరిగొచ్చేసరికి వీధంతా "వచ్చిందోచ్!" అని కేకేసింది, రౌటరుకు మాత్రం ఏదీ గుర్తులేదు. ఆమె పకపకా నవ్వి, జారిన రోలరు బిగించుకుని, అమరికంతా మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ జవాబొచ్చింది. ఈసారి సేవ్ చేసి, మాస్టారి చెయ్యి పట్టి లాగింది.

"రండి, ఇక కరెంటు పోయినా ఆపక్కర్లేదు!"