ఎర్ర గీత దాకా మన్ను

డిగ్రీ చివరి ఏడాదిలో మాకు ఒక ప్రాజెక్టు ఉండేది. ఎవరికి వాళ్లే ఒక ఊరు ఎంచుకుని, సొంతంగా తిరిగి, కొలిచి, రాసి, బైండు చేయించి ఇవ్వాలి. భూగోళశాస్త్రమంటే పటాలు గీసుకోవడమే అనుకుని చేరినదాన్ని నేను. అయినా గొప్పకు పోయి, ఆలూరు దగ్గర ఒక పల్లెలో వానలకు చేలోని మన్ను ఎంత కొట్టుకుపోతుందో కొలుస్తానన్నాను. మా లెక్చరర్ శభాష్ అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

ఆ పల్లెలో మా నాన్నకు వరసకు చెల్లెలు ఉంది. మామ పోయాక మూడెకరాల చేను అత్తే చూసుకుంటోంది. చేను దిగువ అంచునే వంక. వానొచ్చి వంక పారినప్పుడల్లా ఆ అంచును కాస్త కాస్త కొరుక్కుపోతుంది. అక్కడే అత్త టమాటా వేసేది.

నా పని పెద్ద కష్టమైందేం కాదు. ఆ అంచున పన్నెండు ఇనుప కడ్డీలు పాతి, మన్ను ఎక్కడిదాకా ఉందో అక్కడ ఎర్ర రంగుతో గీత పెట్టాను. వాన పడ్డప్పుడల్లా వెళ్లి, మన్ను ఆ గీతకు ఎంత కిందికి దిగిందో స్కేలు పెట్టి చూడాలి. అంతే.

"అత్తా, ఇప్పుడు గీత దాకా మన్ను ఉంది, చూసుకో. ఇవి నా పరీక్ష. జాగ్రత్త" అని చెప్పి బస్సు కోసం పరిగెత్తాను. ఇంకో నాలుగు ముక్కలు చెబితే నా సొమ్మేం పోయేది?

మొదటి వాన పడింది. వెళ్లలేదు. కర్నూలు నుంచి రెండు బస్సులు మారాలి, దిగాక గంట నడక. రెండో వానకు స్నేహితురాలి పెళ్లి. మూడో వానకు సాకు కూడా దొరకలేదు, ఊరికే వెళ్లలేదు. నాలుగో వాన పడ్డాక మాత్రం భయం పుట్టి వెళ్లాను.

చూద్దును కదా, పన్నెండు కడ్డీల చుట్టూ మన్ను సరిగ్గా ఎర్ర గీత దాకా ఎగదోసి, అరచేత్తో అదిమి ఉంది. పక్కనే టమాటా మొక్కల మొదళ్లకూ అదే తీరున.

"వానకు మొదుళ్లు బైటపడతాండాయి పాపా. మొక్కలకు మన్ను ఎగదోస్తా నీ కడ్డీలకు గూడా ఎగదోసినా. ప్రతి వానకూ. ఒగటి గూడా పడల్యా, సూడు" అంది అత్త, మొహమంతా నవ్వుతో. "ఆదివారం చర్చిలో గూడా చెప్పినా, మా పాప కడ్డీల కోసరం ప్రార్థన చేయండని."

నాకసలే ముక్కు మీద కోపం. "అంతా నాశనం చేసినావు గదత్తా! ముట్టుకోమని ఎవరు చెప్పారు నీకు? చదువు లేకపోతే ఇట్లే ఉంటుంది!" అని అరిచాను. పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. అత్త మన్ను చేతులు కొంగుకు తుడుచుకుంది.

"తెల్దు పాపా. తప్పయిపాయ. అన్నం తిని పో" అంది.

తినకుండానే వచ్చేశాను.

లెక్చరర్‌కు జరిగింది చెబితే సరిపోయేది. ఇంకా వానలు మిగిలే ఉన్నాయి, మళ్లీ మొదలుపెట్టమనేవారు. కానీ మొదటి మూడు వానలకూ ఎందుకు వెళ్లలేదని అడుగుతారు కదా! అందుకని ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని పన్నెండు కడ్డీల అంకెలూ నేనే వేసేశాను. పెద్ద అంకెలు వేస్తే ప్రశ్నలు పడతాయని అన్నీ చిన్నవే వేశాను. నమ్మకం కుదరాలని ఒక కడ్డీని బర్రె తొక్కి వంచిందని కూడా రాశాను. ఆహా, ఏం తెలివి! మార్కులు బాగానే వచ్చాయి. నలుగురిలో మెచ్చుకున్నారు కూడా.

ఎండాకాలంలో అత్త ఫోన్ చేసింది.

"నీ పుస్తకంలో ఏమొచ్చిండాది పాపా? మన్ను శానా పోతాండాదా? వంక అంచుకు రాళ్లకట్ట ఈ ఏడే ఏపిచ్చాల్నా, వచ్చే ఏడు దాకా ఆగొచ్చునా?"

నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. బీరువా మీద బంగారు అక్షరాల అట్టతో నా పుస్తకం కనిపిస్తోంది.

"తొందరేం లేదత్తా. చాలా తక్కువే పోతోంది" అన్నాను.

ఆ ఏడు వంక పొంగింది. నాన్నా నేనూ వెళ్లి చూస్తే, నేను కడ్డీలు పాతిన నేలే లేదు. టమాటా మడి మొత్తం మొక్కలతో సహా పోయింది. తెగిన ఎర్రటి గట్టు మీద అత్త కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. తిడుతుందనే అనుకున్నాను.

"నువ్వేం బాధపడొద్దు పాపా. నీ లెక్కలో తప్పు ల్యా. నేను మన్ను ఎగదోస్తి గదా, అందుకే నీకు తక్కువ వచ్చిండాది. నా చేతులారా నేనే చేసుకుంటి" అంది.

నాన్న నా వైపు చూశారు. కాదని చెప్పాల్సిన క్షణం అదే. నోరు తెరిచాను కూడా.

"అయ్యుండొచ్చులే అత్తా" అన్నాను.