మూడో ఛాంబర్ మెసేజ్ ఎందుకు రాలేదు?

2005 వేసవి. గుంటూరు నుంచి పెదకాకాని వెళ్లే దారిలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి నేను ప్రోగ్రాం రాసి పెట్టాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. రేడియోలు విప్పి, టీవీలు విప్పి, యాభై దాటాక కంప్యూటర్ పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నవాణ్ణి. ఛాంబర్లలో, అంటే బస్తాలు పేర్చే చల్లటి గదుల్లో, సెన్సర్లు వేడిని కొలుస్తాయి. ఆ అంకె ఆఫీసు కంప్యూటర్లో వెబ్ పేజీ మీద కనిపిస్తుంది. హద్దు దాటితే తెర మధ్యలో ఎర్ర అక్షరాలతో చిన్న కిటికీ తెరుచుకోవాలి. దాన్ని పాపప్ అంటారు.

మే నెలలో ఒక మధ్యాహ్నం మేనేజర్ శేషగిరి గారి ఫోన్. "ఏమయ్యా, నీ ప్రోగ్రాం కొంప ముంచింది! మూడో ఛాంబర్ వేడెక్కింది. ఒక్క మెసేజ్ రాలేదు."

స్కూటర్ మీద పరుగెత్తాను. పొదిలి వైపు నుంచి వచ్చిన మస్తాన్ అనే రైతు ఆఫీసు గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు. ధర కోసం ఆపుకున్న అతని పంటంతా ఆ ఛాంబర్లోనే ఉంది. శాంపిల్ తీసుకుందామని వెళ్తే లోపల చలి లేదట.

"ఆ మాట చెబితే, కంప్యూటర్ ఏం చెప్పలేదు, నీకే జ్వరమేమో పో అన్నాడండీ ఈయన!"

"మెసేజ్ రాకపోతే నేనేం చేసేదిరా? రాసినాయన వచ్చాడుగా, అడుగు," అన్నారు శేషగిరి గారు. నాకు ఒళ్లు మండింది.

పొద్దున కరెంటు పోయి వచ్చాక ఆ ఛాంబర్ ఫ్యాన్లు వేయడం ఆపరేటర్ మర్చిపోయాడు. నేను వెళ్లేసరికి వేశారు. కానీ తలుపు దగ్గరి బస్తాలకు చెమ్మ పట్టింది. చెమ్మ ఆరకపోతే బూజు, బూజు పడితే కాయ నల్లబడుతుంది. పైగా కరెంటు మళ్లీ ఎప్పుడు పోతుందో తెలియదు. మెసేజ్ రాకపోతే ఏ ఛాంబర్‌నీ నమ్మలేం.

ఆఫీసు తెర మీద మిర్చి యార్డు రేట్ల పేజీ తెరిచి ఉంది; దాని వెనకున్న నా పేజీని ముందుకు తెచ్చాను. మూడో ఛాంబర్ ఎదురుగా పదిహేను డిగ్రీలు, ఎనిమిది దాటకూడదు. సెన్సరు, తీగ బాగానే ఉన్నాయన్నమాట. అంకె వచ్చింది, కిటికీయే రాలేదు. మెషిన్ రూములో ఉన్న ఇంకో కంప్యూటర్లో అదే పేజీ తెరిచాను. తెరిచీ తెరవగానే ఎర్ర కిటికీ! ప్రోగ్రాం తప్పు కాదు. మళ్లీ ఆఫీసుకు వచ్చి చూస్తే, బ్రౌజర్ పైభాగంలో నేను పెట్టని పట్టీ ఒకటి ఉంది. పాపప్ బ్లాకర్, అంటే ఇలాంటి కిటికీలు తెరుచుకోకుండా ఆపేది.

"ఇదెవరు పెట్టారండీ?"

"మా బావమరిది. యార్డు రేట్లు చూస్తుంటే లాటరీ తగిలిందని ఒకటే కిటికీలు. అవి రాకుండా చేశాడు."

"వాటితో పాటు నాదీ ఆగిపోయిందని తెలీదా?"

ఆయన గొంతు తగ్గించారు. "తెలుసయ్యా. పోతే పోయిందిలే అనుకున్నా. పొద్దున్నే శాంపిళ్ల కోసం హమాలీలు తలుపు తీసినప్పుడల్లా నీ కిటికీ ఊడిపడేది. రేటు చూడనిస్తేగా!"

మస్తాన్ విన్నాడు. "అయితే నా కాయకి కాపలా ఉన్నదాని నోరు మీరే నొక్కేశారా? ఇంకా నాకు జ్వరమా?"

బ్లాకర్లో మా పేజీకి అనుమతి ఇచ్చాను. వెంటనే ఎర్ర కిటికీ వచ్చింది. మస్తాన్ కుర్చీ లాక్కుని తెర ముందే కూర్చున్నాడు. అంకె పద్నాలుగు అయింది. చాలాసేపు అక్కడే ఆగింది. తర్వాత పదమూడు. బయట హమాలీలు చెమ్మ పట్టిన బస్తాల కుట్లు విప్పి ఎండలో పోశారు. అతను వెళ్లి కాయలు విరిచి చూశాడు. గింజ పసుపు రంగులోనే ఉంది. అప్పుడు అక్కడే నేలమీద కూలబడి మంచినీళ్లు అడిగాడు.

మర్నాడు శాంపిళ్ల వేళంతా శేషగిరి గారి పక్కనే కూర్చున్నాను. ఆయన చిరాకు అబద్ధం కాదు. తలుపు తీసి ఉందో వేసి ఉందో ప్రోగ్రాంకి తెలిసేలా తలుపులకు స్విచ్‌లు పెట్టించాను. తలుపు వేశాక కూడా వేడి దిగకపోతేనే మెసేజ్ వచ్చేలా, అదీ విడి కిటికీలో కాకుండా ఆయన చూసే తెర మీదే పట్టీలా వచ్చేలా మార్చాను. కొంప ముంచిందన్న మాటను మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు. నేనూ మర్చిపోలేదు.

తర్వాత మెసేజ్‌లు రావడం లేదని ఎవరు పిలిచినా ప్రోగ్రాం తెరవకముందే ఒక ప్రశ్న వేసేవాణ్ణి. "వచ్చిన రోజుల్లో అవి మిమ్మల్ని ఎంత విసిగించాయండీ?"