గుండీ కోటు ముడుచుకోలేదు

మా ఆయన ఆడవాళ్ల దర్జీ. నోట్లో వేలు పెట్టినా కొరకడం తెలియని మనిషని వీధి వీధంతా అంటారు. ఆ నోట్లో పొద్దస్తమానం గుండుసూదులు ఉంటాయి కాబట్టి ఎవరూ వేలు పెట్టి చూడలేదు, అది వేరే సంగతి.

ఇంటి ముందు గదే మా కొట్టు. వీధివైపు పెద్ద కిటికీ, దాని కింద గుడ్డలు కత్తిరించే బల్ల, రెండు మిషన్లు, తెర కట్టిన ఒక మూల, నిలువుటద్దం, వచ్చినవాళ్లు కూర్చోవడానికి బెంచీ. వెనక గదుల్లో మేముంటాం. కొట్లో ఎవరేం మాట్లాడినా నాకు వంటింట్లోకి వినబడుతుంది. ఇన్నేళ్లుగా నేను విన్నది ఒకటే పాట. ఎవరైనా పాత గౌను తెచ్చి, "ఏమండీ, ఇది నాకు పట్టడం లేదు" అంటే, మా ఆయన ఆ గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసి, "గుడ్డ ముడుచుకుందమ్మా. ఈ రకం అంతే. కాస్త వదులు చేసిస్తాను" అంటారు. నూలుకీ అదే మాట, ఉన్నికీ అదే మాట, బండకేసి బాదినా పోగు కదలని నైలానుకీ అదే మాట. ఒళ్లొచ్చింది అనే మాట మాత్రం ఆ నోట రాదు.

ఈ విద్య ఆయనకు మేనమామ దగ్గర అబ్బింది. చదువు ఒంటబట్టక, మీసాలు కూడా రాని వయసులో ఆ మామ కొట్లో కాజాలు కుట్టడానికి చేరారు. "కొలత టేపుకి తెలిస్తే చాలురా, మనిషికి తెలియక్కర్లేదు" అని ఆ పెద్దాయన రోజూ నూరిపోసేవాడట. అందుకే మా ఆయన ఏది కుట్టినా లోపల బోలెడంత గుడ్డ మడిచి ఉంచుతారు. ఎప్పటికైనా విప్పాల్సి వస్తుందని ఆయనకు తెలుసు. పెళ్లికి ముందు నేనూ ఆయన దగ్గర బట్టలు కుట్టించుకున్నదాన్నే. "ఇందులో లావుగా ఉన్నానా?" అని అడిగితే, "అబ్బే, అద్దం కాస్త వంకరండీ" అన్నారు. ఆ అబద్ధానికే నేను పడిపోయాను.

నా సంగతి వేరు. కడుపులో ఉన్నది నోట్లోకి రావడానికి నాకు గుమ్మాలు, గడపలు ఏమీ లేవు. యథార్థవాది లోకవిరోధి అంటారు కదా, మా ఇంట్లో లోకం ఆయన వంతు, విరోధం నా వంతు.

గుండీ మా ఇంటికి చేతిసంచిలో వచ్చింది. ఒకావిడ ఇంట్లో పొమేరియన్ కుక్క ఈనితే, పిల్లలన్నిట్లో చిన్నదాన్ని ఎవరూ తీసుకోలేదని మా ఆయనకు చూపించింది. వద్దనడం ఆయనకు చేతనైతే కదా. కత్తిరింపు ముక్కలు వేసే బుట్టలో పెట్టారు. అది రెండు చుట్లు తిరిగి ముడుచుకుని పడుకుంది. చొక్కా గుండీ అంత ముక్కు, గుండీ అంత కళ్లు. పేరు కోసం ఎవరూ వెతుక్కోలేదు.

కొట్లో కుక్క ఉంటే పెట్టే చేతులకు కరువా? బట్టలు చెప్పిన రోజుకు ఇవ్వడం మా ఆయన వంశంలోనే లేదు. కాబట్టి బెంచీ మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు. ఎదురుచూసేవాళ్ల సంచుల్లో తినేవి ఉంటాయి. ఒకరు బిస్కెట్టు, ఒకరు చిప్స్, ఒకరు ఐస్‌క్రీం పుల్ల. అందరికన్నా ఎక్కువ పెట్టేది పక్క బేకరీ ఆవిడ. భారీ మనిషి, నవ్వితే మా కిటికీ అద్దాలు కదులుతాయి. బన్ను మధ్యలో వెన్న పెట్టి, "నా బంగారానికి" అంటూ రోజూ తెచ్చేది. మా ఆయన పక్కన నిలబడి మురిసిపోయేవారు.

చలికాలానికి గుండీకి ఉన్ని కోటు కుట్టారాయన. పొట్ట కింద మూడు గుండీలు. కొన్నాళ్లకు ఆ గుండీలు పట్టలేదు. "ఉన్ని కదా, ఉతికితే ముడుచుకుంది" అంటూ కుట్టు విప్పి వదులు చేశారు. మళ్లీ పట్టలేదు, మళ్లీ విప్పారు. కావాలని నటించడం కాదది. మనుషులకు చెప్పీ చెప్పీ ఆ మాట ఆయనకే నిజమై కూర్చుంది. ఈలోగా గుండీకి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు, బాతు అరిచినట్టుండేది. మెట్టెక్కితే దగ్గు, సంతోషం వస్తే దగ్గు. మొరగబోతే ఒక్క అరుపు వచ్చి, మిగిలిందంతా దగ్గే.

ఒక రోజు ఉదయం ఎవరో బన్నుముక్క ఎత్తి చూపిస్తే గుండీ ఎగరబోయి, దగ్గుతూ దగ్గుతూ పక్కకు ఒరిగిపోయింది. నాలుక నీలంగా మారింది. మా ఆయన మెడలో టేపుతో, కాళ్లకు చెప్పుల్లేకుండా దాన్ని ఎత్తుకుని పరుగెత్తారు. సగం సూదులు గుచ్చిన గౌనులో ఒకావిడను అద్దం ముందు అలాగే వదిలేసి నేనూ వెనకే వెళ్లాను.

కుక్కల డాక్టరమ్మ ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, అది తేరుకున్నాక అడిగింది. "ఏం పెడుతున్నారు దీనికి?"

"పెద్దగా ఏమీ లేదండీ. ఏదో కాస్త" అన్నారు మా ఆయన.

"ఇంత లావు ఎప్పటి నుంచి అయింది?"

"లావు కాదండీ, బొచ్చు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కోటు తీసి, తిరగేసి, బల్ల మీద పరిచాను. లోపల పాత కుట్ల సూదిరంధ్రాలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఒక్కో వరస ఒక్కోసారి విప్పిన గుర్తు. ఇంక విప్పడానికి అంచున గుడ్డే మిగల్లేదు. డాక్టరమ్మ వాటి మీద వేలు పోనిచ్చి, మా ఆయన వైపు చూసింది. ఆయన తల వంచేసుకున్నారు.

"ఈ జాతి చిన్న కుక్కల్లో కొన్నిటికి ఊపిరిగొట్టం మెత్తగా ఉంటుంది" అంది ఆవిడ. "మెడ చుట్టూ, ఛాతీ మీద కొవ్వు పెరిగితే ఊపిరి తీసినప్పుడల్లా అది నొక్కుకుపోతుంది. మీకు ఒక బిస్కెట్టంటే ఒక బిస్కెట్టే. ఇంత చిన్న ఒంటికి అది దాదాపు ఒక పూట భోజనం. పైగా వెన్న, తీపి. ఎండుద్రాక్ష వేసిన కేకు కూడా పెడుతున్నారా?"

"బేకరీ ఆవిడ అప్పుడప్పుడూ..."

"అది కుక్కలకు విషం. కిడ్నీలు పోతాయి. చాక్లెట్టూ అంతే."

"ఆపరేషన్ ఏమైనా ఉందా అండీ?"

"ఈ ఒంటితో మత్తు ఇవ్వడమే ప్రమాదం. ముందు బరువు తగ్గాలి. పొద్దునా సాయంత్రం దాని తిండి కొలిచి పెట్టండి. మధ్యలో కావాలంటే ఉడికించిన క్యారెట్ ముక్క. మెడకు బెల్టు కట్టొద్దు. తగ్గకుండా ఇంకోసారి ఇలా వస్తే, నా దాకా తేగలరో లేదో నేను చెప్పలేను."

ఆయన ఇంటికి రాగానే మెడ బెల్టు తీసేసి, ఛాతీ చుట్టూ కట్టే మెత్తటి పట్టీ కుట్టారు. తిండి కొలవడానికి ఒక చిన్న గిన్నె పెట్టారు, ఒక్క గింజ ఎక్కువ పడనిచ్చేవారు కాదు. మా గదుల్లో అంతా పద్ధతిగా సాగింది. గొడవంతా కొట్లో.

కుక్కకు ఏమీ పెట్టవద్దని నేను గోడకు కాగితం అంటించాను. చూసినవాళ్లకు నోటితోనూ చెప్పాను, నా నోటితో ఎలా చెబుతానో మీకీపాటికి తెలిసే ఉంటుంది. ఏం లాభం? కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు చూశారు. "టైలరుగారు ఏమీ అనరు పాపం. ఈవిడకే పిసినారితనం" అని బెంచీ మీద గుసగుసలు. నేను లోపలికి వెళ్లగానే ముక్కలు కిందపడేవి. మా ఆయన చూసి, ఎప్పటిలాగే నవ్వేవారు. ఆ నవ్వే వాళ్లకు అనుమతి. గుండీ ఇసుమంతైనా తగ్గలేదు.

"మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉంది, నాకు చెప్పడానికి బాగోదు" అన్నాను ఆయనతో ఒకరోజు అన్నం దగ్గర. "మీ మొహమాటం దాని ప్రాణం మీదికి వస్తోంది."

"నువ్వు చెబుతూనే ఉన్నావుగా."

"నేను అందరినీ అంటాను, అందుకే నా మాటకు విలువ లేదు. మీరు పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఏమీ అనలేదు. మీరు ఒక్క మాటంటే వింటారు."

"బేకరీ ఆవిడ మనసు నొచ్చుకుంటుందే. ఎంత ప్రేమగా తెస్తుంది."

"ఆవిడ మనసు నాలుగు రోజుల్లో కుదురుకుంటుంది. దీని ఊపిరి ఆగితే మళ్లీ వస్తుందా?"

ఆయన కంచం పక్కకు జరిపేశారు. బల్ల కింద గుండీ గుర్రు పెట్టినట్టు ఊపిరి తీస్తోంది. ఆ మాటన్నందుకు నాకే ఏడుపొచ్చింది.

మర్నాడు బేకరీ ఆవిడ వచ్చింది. చెల్లెలి కూతురి పెళ్లికి వేసుకోవాలని పాత కోటు తెచ్చి, అద్దం ముందు నిలబడి లాగి లాగి చూసుకుంది. కోటు బొత్తానికి, కాజాకు మధ్య జానెడు దూరం. "ఏమండీ, ఇది మళ్లీ ముడుచుకున్నట్టుంది" అని నవ్వుతూ, కాగితం పొట్లం విప్పి బన్నుముక్క గుండీకి అందించబోయింది.

మా ఆయన నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చారు. "పెట్టకండమ్మా" అన్నారు.

వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"చిన్న ముక్కేనండీ."

"మనకి చిన్నది. దానికి కాదు. దానికి ఒళ్లొచ్చిందమ్మా, ఊపిరాడక చచ్చిపోయేలా ఉంది. కోటు పట్టనప్పుడల్లా గుడ్డ ముడుచుకుందని నేనే విప్పుతూ వచ్చాను. గుడ్డేం ముడుచుకోలేదు."

బేకరీ ఆవిడ అద్దంలో తనను తాను ఒకసారి చూసుకుంది.

"మరి నాది?" అంది.

అప్పుడైనా తప్పించుకోవచ్చు. ఆ దారి ఆయనకు కళ్లు మూసుకుని నడిచేంత అలవాటు. కానీ ఆయన చెమటలు కక్కుతూ నిలబడి, "మీదీ ముడుచుకోలేదమ్మా" అన్నారు.

ఆవిడ కోటు విప్పి బల్ల మీద పెట్టి, బన్ను పొట్లం మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయింది. మా ఆయన మిషను ముందు కూలబడ్డారు. నేను టీ తెచ్చిచ్చి, "మంచి పని చేశారు" అన్నాను. మా కాపురంలో ఆ మాట నేను ఎక్కువసార్లు అనలేదు.

ఆ సంగతి వీధంతా పాకింది. టైలరుగారంతటి మనిషి అన్నారంటే ఉత్తినే అనరు అనుకున్నారో ఏమో, ఆ రోజు నుంచి బెంచీ మీద నుంచి ఒక్క తునక కూడా రాలలేదు. గుండీ మాత్రం మా మీద అలిగింది. తిండి గిన్నెకు వీపు పెట్టి, బెంచీ ఎదురుగా కూర్చుని, అప్పు వసూలుకు వచ్చినవాడిలా అందరి ముఖాలూ చూసేది. ఆకలేశాక అదే తినేది. పొట్ట నెమ్మది నెమ్మదిగా తగ్గడం మొదలుపెట్టింది.

బేకరీ ఆవిడ మాత్రం ఇటు రాలేదు. ఆవిడ కోటు కొక్కేనికి అలాగే వేలాడింది. విప్పాలో వద్దో తెలియక మా ఆయన దాన్ని తీసేవారు, మళ్లీ తగిలించేవారు. పక్కన షట్టరు చప్పుడైతే చాలు, మెడ సాచి చూసేవారు.

ఒక సాయంత్రం ఆవిడే వచ్చింది. చేతిలో మళ్లీ కాగితం పొట్లం. నేను గబగబా కొట్లోకి వచ్చాను. పొట్లంలో ఉడికించిన క్యారెట్ ముక్కలు, గోరంత గోరంత తరిగి ఉన్నాయి.

"ఇవి పెట్టొచ్చా?" అని అడిగింది.

"ఒకటో రెండో పెట్టొచ్చమ్మా" అన్నారు మా ఆయన.

ఆవిడ కింద కూర్చుని పెట్టింది. తల ఎత్తకుండానే అంది. "మా ఇంట్లో అద్దం లేదనుకున్నారా టైలరుగారూ? లోకంలో ఉన్న గుడ్డలన్నీ నా ఒంటి మీదే ముడుచుకుంటాయా? నాకు తెలుసు. అందరూ వేళాకోళం చేసేవాళ్లే, మీరొక్కరే అలా అంటారని ఆ మాట వినడానికే వచ్చేదాన్ని. తెలిసిన అబద్ధంతో నాకేం నష్టం లేదు. కానీ దీనికేం తెలుసండీ? ఇది అద్దం చూసుకుంటుందా, నోరు విప్పి చెబుతుందా? మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? రోజూ నా చేత్తోనే దీని ఊపిరి నొక్కాను. నాకు కోపం అందుకు. కోటు గురించి కాదు."

"తప్పయిపోయిందమ్మా" అన్నారు మా ఆయన. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను అటు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

ఆవిడ లేచి నిలబడింది. "సరే, పెళ్లి దగ్గరికొచ్చింది. కోటు వదులు చెయ్యండి. ఎందుకు వదులు చేశారని ఎవరైనా అడిగితే మాత్రం గుడ్డ ముడుచుకుందనే చెప్పండి."

అది జరిగాక మూడో చలికాలం నడుస్తోందిప్పుడు. ఊపిరిగొట్టం మెత్తదనం పోయేది కాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. అయినా పోయినసారి ఛాతీకి స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విని, ఆపరేషన్ ఊసే ఎత్తక్కర్లేదంది. మా ఆయన నమ్మీ నమ్మనట్టు తల ఊపారు. ఆయనకు ఇప్పటికీ బెంగే. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపి, దగ్గు వినబడుతుందేమోనని చెవి ఒగ్గి వింటూ ఉంటారు.

ఈమధ్య పై వాటాలో కొత్తగా ఒక నర్సు దిగింది. రాత్రంతా డ్యూటీ, పగలు నిద్రపోవాలి. వచ్చిన మూడో రోజే కళ్లు ఎర్రగా చేసుకుని కిందికి వచ్చింది.

"ఏమండీ, మీ కుక్కను ఏమైనా చేస్తారా? మెట్ల మీద పైకీ కిందికీ పరుగెత్తుతూ ఒకటే మొరుగుడు. పొద్దుట్నుంచి కన్ను మూయలేదు నేను."

మా ఆయన కత్తెర కింద పెట్టారు. "మధ్యలో ఎక్కడైనా దగ్గిందా అమ్మా?"

"దగ్గా? ఎక్కడిదండీ దగ్గు. ఆగితే కదా. మొరుగుడే మొరుగుడు."

"మెట్లెక్కేటప్పుడు కూడా దగ్గలేదా?"

"లేదండీ బాబూ, చెబుతున్నాగా" అంది ఆవిడ విసుగ్గా.

"చల్లని మాట చెప్పావు తల్లీ" అని ఆయన బెంచీ మీద కూర్చుని, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నారు. ఆవిడ బిత్తరపోయి నా వైపు చూసింది. నేను ఆవిడను లోపలికి తీసుకెళ్లి, టీ పెట్టి ఇచ్చి, మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. పైన మెట్ల మీద గుండీ ఇంకా మొరుగుతూనే ఉంది.