మా కారులో లొడలొడ

మా ఆయన కారు కొన్న కొత్తలో ఆ బండికి ఏ రోగమూ లేదు. పొద్దున్నే ముందువైపు హ్యాండిలు పెట్టి తిప్పితే దగ్గి, ఆవులించి, ఒళ్ళు విరుచుకుని లేచేది. అచ్చం మా మావగారిలాగే. ఈ మాట అప్పట్లో పైకి అనలేదు లెండి, మనసులోనే అనుకునేదాన్ని.

మాది పెదపారుపూడి దగ్గర పల్లె. మావగారికి వరిచేను తప్ప వేరే లోకం లేదు. ఆయనకున్న ఒక్క కొడుకు చేలోకి దిగనని గుడివాడలో డ్రైవింగు నేర్చుకుని, ఎవరో వాడి వదిలేసిన నల్లకారు కొని, బాడుగలకు తిప్పుతానన్నాడు. ఆయన కోపం కారు మీద కాదు, బాడుగ మీద.

"ఎవడో దిగుతుంటే నువ్వు తలుపు తీసి పట్టుకుని నుంచుంటావా? మన ఇంటావంటా ఉందా అది?" అని కారు రాకముందే ఇంట్లో రోజూ పురాణం.

ఉగాది వెళ్ళిన కొద్దిరోజులకు కారు ఇంటికొచ్చింది. వీధి వీధంతా వచ్చి చూసింది. మా అత్తగారు పళ్ళెంలో హారతి పట్టుకుని బయటికొచ్చింది. మా ఆయన ఆ సంబరంలో కారు వెనక తలుపు తీసి పట్టుకుని, "నాన్నా, ముందు మీరెక్కండి. ఊరు చుట్టూ ఒక్క తిప్పు తిప్పి తీసుకొస్తాను" అన్నారు.

ఆ తలుపు తీసి పట్టుకోవడమే తప్పయిపోయింది. మావగారు ఆ తలుపు వంక చూశారు, కొడుకు చేతి వంక చూశారు. కండువా దులిపి భుజాన వేసుకుని, "చేలో నీళ్ళు తిప్పాలి" అని గట్టు మీద పడి వెళ్ళిపోయారు. ఇంత జనం ముందు తెరిచిన తలుపు మళ్ళీ వెయ్యాలో వద్దో తెలియక మా ఆయన అలాగే నిలబడ్డారు. చివరికి నేనే వెళ్ళి వేశాను.

అప్పటి నుంచీ తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఒకే వసారాలో, ఒకే మంచినీళ్ళ బిందెలో ముంచుకుంటూ, మాటలన్నీ నా ద్వారా పంపించుకునేవాళ్ళు. "అమ్మాయ్, గేదెకు దాణా లేదని మీ ఆయనతో చెప్పు" అంటారు మావగారు. మా ఆయన నా పక్కనే ఉంటారు. నేను అటు తిరిగి, "గేదెకు దాణా లేదటండీ" అంటాను. "సాయంత్రం తెస్తానని చెప్పు" అంటారు ఆయన. ఇటు తిరిగి, "తెస్తారటండీ" అంటాను. గేదె కూడా మావంక విసుగ్గా చూసేది.

కారు వచ్చిన రోజే ఇంకొకటి జరిగింది. అప్పుడు నాకు అదంత పట్టింపుగా అనిపించలేదు. మధ్యాహ్నం మా ఆయన ఇంజను చల్లారనిద్దామని బానెట్టు ఎత్తిపెట్టి భోజనానికొచ్చారు. నేను పెరుగు తేవడానికి వెళ్తూ చూస్తే మా అత్తగారు కారు ముందు వంగి, కొంగు అడ్డం పెట్టుకుని, లోపల చెయ్యిపెట్టి ఏదో చేస్తోంది. కుంకుమ పెడుతోంది కాబోలు అనుకున్నాను.

కోతలు మొదలయ్యేసరికి బండికి జబ్బు చేసింది. హ్యాండిలు తిప్పగానే ముందు నుంచి లొడలొడ. గుంటలో పడితే లొడలొడ. ఇంజను ఆపితే అదీ ఆగేది. గుడివాడ మేస్త్రీ ప్లగ్గులు మార్చాడు. బందరు మేస్త్రీ ఇంజనంతా విప్పి చాప మీద పరిచి, కడిగి, మళ్ళీ బిగించాడు. బండి ఇంటికొచ్చి గేటు దగ్గర లొడలొడమంది.

ఎక్కినవాళ్ళు ఊరుకుంటారా? పెడన నుంచి అద్దకం దుప్పట్ల మూటలేసుకుని వచ్చే ఆయన ఒకరుండేవారు. "మా వీధిలో మగ్గాలన్నీ కలిసి ఆడినా ఇంత మోత ఉండదు బావా" అనేవారట. ఆయన మంచివాడు కనక అంటూనే ఎక్కేవారు. మిగిలినవాళ్ళు పక్క కారు చూసుకునేవారు.

మాఘమాసంలో బందరులో ఒక పెళ్ళికి మా కారు మాట్లాడారు. పెళ్ళికూతుర్ని ఊరేగించడానికి పూలు కూడా కట్టారు. బండి కదిలేసరికి పెళ్ళికూతురి మేనమామ చెవులు మూసుకుని, "మేళం మేం మాట్లాడుకున్నాం కదయ్యా, నువ్వు కూడా ఎందుకు తెచ్చావ్?" అన్నాడట. అందరూ నవ్వారట. పూలన్నీ విప్పి వేరే కారుకు కట్టారు. ఒక బంతిపూల దండ మాత్రం మర్చిపోయారు. అది వేలాడుతుండగా మా ఆయన ఇంటికొచ్చారు.

అన్నం ముందు కూర్చుని కలపలేదు. "బందరులో ఒకాయన అడుగుతున్నాడు. ఆదివారం బండి అప్పగించేస్తాను. సోమవారం నుంచి చేలోకొస్తానని మీ మావగారితో చెప్పు" అన్నారు.

మావగారు అక్కడే పీట మీదున్నారు. ఏడాదిగా ఆయన కోరుకున్న మాట అదే. నేను తిరిగి చెప్పబోతే, "వినపడింది" అని, మజ్జిగ తాగకుండా లేచి వెళ్ళారు. గెలిచిన మనిషిలా లేరు.

మా అత్తగారి మొహం అయితే చూడలేం. కారు పోతే కొడుకు చేలో కళ్ళెదుటే ఉంటాడుగా, ఈవిడకెందుకు ఇంత దిగులు అనుకున్నాను.

మర్నాడు అటక మీద కొబ్బరికాయలు దింపాం. మా ఆడపడుచు తోటికోడలి ఇంట్లో పెళ్ళికి కురిడీ కాయలు కావాలన్నారు. మనవాళ్ళకు చెప్పక్కర్లేదు, లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి పెంకును వదిలేసి గుండులా ఎండిపోతే అది కురిడీ. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే తెలుస్తుంది. మా అత్తగారు ఊపి నాకిస్తోంది, నేను ఊపి పక్కన పెడుతున్నాను. లొడలొడ, లొడలొడ. అంతలో పెరట్లో మా ఆయన బండి తీశారు.

ఒకటే చప్పుడు. నా చెవి దగ్గరా అదే, పెరట్లోనూ అదే.

నేను కాయ పట్టుకుని అలాగే ఉండిపోయాను. మా అత్తగారి చెయ్యి కూడా ఆగిపోయింది.

"అత్తయ్యా..."

"కాయలు చూడవే."

"ఆ రోజు బానెట్టు దగ్గర మీరు పెట్టింది కుంకుమ కాదా?"

ఆవిడ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "ముడుపే. నిండుకాయ, పసుపుగుడ్డలో రూపాయితో కట్టి కారు ముందు దీపం వెనకాల రేకు సందులో దోపాను. మీ మావయ్యగారు ఒక్కసారి ఆ కారెక్కి కూర్చుంటే ఆ కారులోనే దివిసీమ చివర హంసలదీవి వచ్చి గోపాలస్వామి దగ్గర కాయ కొడతానని మొక్కుకున్నా."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పెట్టినప్పుడు నీళ్ళున్న కాయ, గట్టిగా ఉంది, నోరెత్తలేదు. నెలల తరబడి ఇంజను సెగకు లోపల లోపలే ఎండి కురిడీ అయి కూర్చుంది. మరి మేస్త్రీలకెందుకు దొరకలేదంటే, పసుపుగుడ్డ మసికొట్టి నల్లగా అయిపోయింది. రేకు మోగకుండా ముందు మేస్త్రీ ఎవరో గుడ్డ కుక్కాడని ప్రతి మేస్త్రీ అనుకుని, దాని జోలికి పోలేదు. మా ఆయన కూడా అంతే.

"తీసెయ్యండి అత్తయ్యా. ఆదివారానికి బండి పోతుంది."

"మొక్కు తీరకుండా ముడుపు కదుపుతారా? చాల్చాల్లే."

"అయితే మావయ్యగారే ఎక్కాలి."

"ఆయనా? ఎద్దునెక్కమంటే ఎక్కుతారు గాని దాన్నెక్కరు."

ఎక్కమంటే ఎక్కరు, నిజమే. కాని మా మావగారికి ఒక గర్వం ఉండేది. కాలవ మీద నీళ్ళు తోడే ఆయిలు ఇంజనుకు ఏం జబ్బు చేసినా, దాని చప్పుడు విని చెప్పేవారు. చుట్టుపక్కల రైతులు వచ్చి తీసుకెళ్ళేవారు. ఇన్నాళ్ళూ కారు చప్పుడు ఆయన చెవిన పడుతూనే ఉంది. కళ్ళు మూసుకుని మంచం మీద వింటూ ఉండేవారు, నేను చూశాను. ఎవరూ అడగలేదు కనక చెప్పలేదు.

రాత్రి అన్నం వడ్డిస్తూ అన్నాను. "మావయ్యగారూ, బందరు మేస్త్రీ ఏమన్నాడో విన్నారా? ఈ చప్పుడు ఏమిటో కృష్ణాజిల్లాలో కనిపెట్టేవాడు లేడన్నాడట."

మేస్త్రీ పాపం ఆ మాట అనలేదు.

"ఎవడు వాడు?"

"బయట నుంచుని వింటే తెలిసేది కాదటండీ. ఎక్కి కూర్చుని, చాలా దూరం, దివిసీమ దాకా వెళ్తేగాని పట్టుబడదట. అంత ఓపిగ్గా వినే చెవి ఎవరికుందీ అన్నాడట."

చారన్నం తిన్నారు. మజ్జిగన్నం తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ, "పొద్దున్నే బండి తియ్యమని మీ ఆయనతో చెప్పు" అన్నారు.

మర్నాడు ఉతికిన పంచె కట్టుకుని వచ్చారు. మా ఆయనకు కిందటిసారి బుద్ధొచ్చింది కదా, ఈసారి తలుపు ముట్టుకోలేదు. దూరంగా నుంచున్నారు. మావగారు ముందు తలుపు తనే తీసుకుని కూర్చున్నారు. నేనూ అత్తగారూ వెనక. అత్తగారు కళ్ళు మూసుకుని చేతులు జోడించింది.

"నడపమను" అన్నారు మావగారు.

"నడపమంటున్నారండీ" అన్నాను వెనక నుంచి.

గట్ల మీద, కాలవ పక్కన, లొడలొడమంటూ వెళ్తున్నాం. మావగారు కాసేపు చెవి ముందు రేకుకు ఆనించారు. కాసేపు అరచెయ్యి పెట్టి చూశారు. పమిడిముక్కల దాటాక మినపచేల మధ్య రోడ్డు వంకర తిరిగింది. ఆయన చటుక్కున నిటారుగా కూర్చున్నారు.

"ఒరే అబ్బాయ్, ఆపు!"

బండి ఆగింది. మా అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను ఆ మాట అటు అందించబోయి నోరు మూసుకున్నాను. అందించక్కర్లేదు.

"మళ్ళీ వెనక్కి పోనిచ్చి ఆ మలుపు తిప్పరా."

"అలాగే నాన్నా."

తిప్పారు. "విన్నావా? ఇంజను జబ్బయితే ఇంజనుతో పాటే తాళం వేస్తుంది. ఇది దాని ఇష్టమొచ్చినట్టు మోగుతోంది. అదీగాక మలుపులో ఓ పక్కకి పోయి ఊరుకుంటోంది. ఇంజను కాదురా ఇది. లోపల ఏదో దొర్లుతోంది."

"ఇంజను విప్పినప్పుడు చూశాం నాన్నా, ఏమీ లేదు."

"ఇంజన్లో చూస్తే ఏముంటుంది, ఇంజనుకి రోగం లేనప్పుడు?"

ఇక అక్కడి నుంచి ఇద్దరూ ఒకటే మాటలు. ఏడాది మాటలు పులిగడ్డ చేరేలోపల మాట్లాడేసుకున్నారు. అన్నీ నట్లూ బోల్టుల గురించే. అయితేనేం.

పులిగడ్డ దగ్గర దిగి బానెట్టు ఎత్తారు. మావగారు ఒక్కొక్కటే తట్టుకుంటూ వచ్చి దీపం వెనకాల నల్లగుడ్డ మీద చెయ్యి వేశారు.

"ఆగండి!" అని అరిచింది మా అత్తగారు. ఆవిడ అంత గట్టిగా అరవడం అదే మొదలు. "దాన్ని హంసలదీవి వెళ్ళాక చూద్దురు గాని."

"హంసలదీవేంటి?"

"నాకు మొక్కుంది."

తండ్రీకొడుకులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. మావగారు చెయ్యి వెనక్కి తీసుకుని, "పోనీరా. మీ అమ్మ ముందే కనిపెట్టినట్టుంది" అన్నారు.

చివర ఇసకలో కారు ఇక రానంది. అక్కడ ఆపి, మా అత్తగారు తనే రేకు సందులోంచి ముడుపు తీసి, గుడ్డ విప్పింది. రూపాయి కిందపడింది. కాయ చేతిలో లొడలొడమంది. మా ఆయన కిందనే కూర్చుండిపోయి నవ్వు మొదలెట్టారు. మావగారు మాత్రం నవ్వలేదు.

"దేనికి మొక్కావ్?"

"మీరీ కారెక్కాలని."

"అందుకు దేవుడెందుకు? అడిగితే ఎక్కనా?"

"వాడు అడిగాడుగా, తలుపు తీసి పట్టుకుని. మీరు చేలోకి వెళ్ళారు."

సముద్రపు గాలి ఒకటే చప్పుడు. మావగారు కిందపడ్డ రూపాయి తీసి, కండువాతో తుడిచి, ఆవిడ చేతిలో పెట్టారు. తర్వాత అందరం ఇసకలో గుడి దాకా నడిచాం. గుళ్ళో పూజారి కాయ అందుకుని వాసన చూసి, "ఇదేంటమ్మా, పెట్రోలు కంపు కొడుతోంది?" అన్నాడు. "చాలా దూరం నుంచి వచ్చింది లెండి" అంది మా అత్తగారు. కొడితే లోపల కొబ్బరి బంగారంలా ఉంది. ప్రసాదం అందరం తిన్నాం. నాకైతే ఇంజను రుచే తగిలింది.

తిరిగొచ్చేటప్పుడు బండి ఎంత మెత్తగా వచ్చిందంటే, ఆ చప్పుడు లేక మాకు ఏమీ తోచలేదు. "మరి ఆదివారం?" అన్నాను నేను, వెనక నుంచి. మా ఆయన తండ్రి వంక చూశారు.

"ఆదివారం వాడికి బాడుగలుంటాయి గదమ్మా" అన్నారు మావగారు, రోడ్డు చూస్తూ.

మా వీధిలోకి వచ్చేసరికి పొద్దువాలుతోంది. చేలనుంచి వచ్చేవాళ్ళు, అరుగుల మీదవాళ్ళు, మావగారు కారులో రావడం చూసి లేచి నిలబడ్డారు. బండి ఆగింది. ముందు మావగారు దిగారు. దిగి లోపలికి వెళ్ళలేదు. వెనక్కి వచ్చి, వెనక తలుపు తీసి పట్టుకుని నుంచున్నారు. అంతమంది ముందు.

మా అత్తగారికి ఏం చెయ్యాలో తెలియలేదు. సీటు మీద అటూ ఇటూ కదిలింది.

"దిగు మరి. చెయ్యి లాగేస్తోంది" అన్నారు ఆయన.

"అలా అడ్డం నుంచుంటే ఎలా దిగను? జరగండి, నా కొంగు తొక్కుతున్నారు" అంది ఆవిడ.