మంచులో హాజరు

నా కూతురికి నేను చేసిన ద్రోహం ఒకటుంది. అది ఒక్క రోజులో అయింది కాదు, రెండు రోజులు పట్టింది. మీరు అడగకముందే తేదీలు చెబుతాను: 1981 డిసెంబరు 16, బుధవారం, 17, గురువారం. పదహారున ఒక తప్పు చేశాను. పదిహేడున దాన్ని దిద్దుకోబోయి అంతకంటే పెద్దది చేశాను.

మేము ఒహాయో వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. మా సుధ రెండో తరగతి. సెప్టెంబరులో బడి తెరిచినప్పటినుంచి ఒక్క రోజూ మానలేదు. వంటింటి క్యాలెండరులో నేను రోజూ టిక్కు పెట్టేదాన్ని. మంగళవారానికి అరవై ఏడు. ఇంకో మూడు పడితే క్రిస్మస్ సెలవులు. ఒక్క రోజూ మానని పిల్లలకు ఆఖరి రోజైన శుక్రవారం సర్టిఫికెట్ ఇస్తారు. దానికోసం నేను ఫ్రేము తెచ్చి పెట్టాను, గోడకు మేకు కూడా కొట్టేశాను.

బుధవారం లేచి చూస్తే వీధి లేదు. పక్కింటివాళ్ళ కారు ఉండాల్సిన చోట తెల్లటి దిబ్బ ఉంది. మావారు డాక్టరు, మంచువల్ల ఆసుపత్రిలోనే ఇరుక్కుపోయారు.

“అమ్మా, ఇంత స్నో పడితే స్కూల్ క్లోజ్ చేస్తారట. రేడియోలో చెప్తారట. జెన్నీ చెప్పింది.”

“జెన్నీ ఎన్ని రోజులు మానింది?”

“నాలుగు.”

“మరి! ఆ పిల్ల మాటా నువ్వు వినేది? కాకినాడలో తుఫానొస్తే మేము మోకాల్లోతు నీళ్ళలో బడికి వెళ్ళాం.”

“వెళ్తే స్కూల్ ఉందా?”

లేదు. నీళ్ళు తరగతిలోనూ ఉన్నాయి. కానీ ఇలాంటివన్నీ పిల్లలకు చెబుతామా?

బస్సు కోసం ఇరవై రెండు నిమిషాలు చూసి, నడక మొదలుపెట్టాం. చీరమీద రెండు స్వెట్టర్లు, వాటిమీద మావారి పాత ఓవర్‌కోటు, కాళ్ళకు మూడు జతల మేజోళ్ళమీద ఆయన బూట్లు. చుట్టచుట్టిన పరుపు తనంతట తాను లేచి నడుస్తున్నట్టున్నాను. సుధ నా అడుగుల గుంటల్లో కాళ్ళు పెడుతూ వెనకాలే వచ్చింది.

బడి తలుపులు మూసి ఉన్నాయి. పెద్దవయసు ప్యూను ఒక్కడే పారతో మెట్లమీద మంచు తోస్తున్నాడు.

“నో స్కూల్ టుడే, మేడమ్!”

మీరైతే నవ్వేసి ఇంటికి వెళ్ళిపోతారు. నేను చేతిసంచిలోంచి కాగితం తీశాను.

“ప్లీజ్ సైన్. షి కేమ్. ఎయిట్ ఫార్టీ టూ.”

“మేడమ్, నోబడీ కేమ్!”

“ఎగ్జాక్ట్‌లీ. షి కేమ్.”

“అమ్మా, ప్లీజ్, వెళ్దాం పద,” అంటూ సుధ టోపీని ముక్కుదాకా లాక్కుంది.

ఆ మహానుభావుడు పార మంచులో గుచ్చి, చేతితొడుగు విప్పి, సంతకం పెట్టాడు. ఇంటికొచ్చి అరవై ఎనిమిదో టిక్కు పెట్టాను.

గురువారం పొద్దున సుధ స్కేలు తీసుకుని వాకిట్లో మంచు కొలిచాను. నిన్న కొలిస్తే ఏడంగుళాలు. ఇవాళ పదకొండు. ఏడుకే మూసిన బడి పదకొండుకు తెరుస్తారా? మీరే చెప్పండి, లెక్కలో తప్పుందా?

“అమ్మా, రేడియో పెట్టవా?”

“స్కేలుండగా రేడియో ఎందుకే? పడుకో.”

“బస్ సౌండ్ వచ్చింది!”

“అది మంచు తీసే బండి.”

ఒంటిగంటకు బడినుంచి ఫోను. రోడ్లు బాగుచేసి, రెండు గంటలు ఆలస్యంగా తెరిచారట. పిల్లలందరూ వచ్చారట. సుధకు ఒంట్లో బాగాలేదా అని అడిగారు. ఇప్పుడు పంపినా సగం రోజు దాటింది కాబట్టి హాజరు లేదట.

ఫోను పెట్టి తిరిగేసరికి సుధ క్యాలెండరు ముందు నిలబడి ఉంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

“అమ్మా, ఈ బాక్స్‌లో ఏం పెడతావు?”

 ఆ టిక్కుల వరస నేను మూడు నెలలు ఒకటొకటిగా కట్టి, ఒక్క స్కేలుతో పడగొట్టిన గోడ.

శుక్రవారం రేడియో విని, ఇద్దరు పొరుగువాళ్ళను అడిగి, బడికి ఫోను చేసి మరీ సుధను పంపాను. సాయంత్రం చుట్టిన కాగితంతో వచ్చింది.

“నాకు రాలేదు,” అంది. “కానీ నీ బ్యాగ్‌లోని స్లిప్ తీసుకెళ్ళి టీచర్‌కి చూపించాను. వెన్స్‌డే ఎక్స్‌ట్రా వచ్చాం కదా, అది థర్స్‌డేకి వేసుకోండి అన్నాను.”

నా కూతురే, సందేహం లేదు.

“ఏమన్నారు?”

“చాలాసేపు నవ్వారు. ప్రిన్సిపాల్‌ని కూడా పిలిచి నవ్వారు. తర్వాత ఇది ఇచ్చారు.”

విప్పాను. బంగారు అంచు, ఎర్ర సీలు, ప్రిన్సిపాలు సంతకం, కింద ప్యూను సంతకం. ‘బడి లేని రోజున, మంచులో నడిచి, వేళకు హాజరైనందుకు.’ నా కళ్ళు చెమర్చాయి. తుడుచుకుని పైన పేరు చదివాను. అది నా పేరు.

“ఇదేమిటే?”

“మీ ఇద్దర్లో ఎవరు రావాలనుకున్నారు అని అడిగారమ్మా. నిజం చెప్పాను.”

ఫ్రేము ఎలాగూ ఖాళీగా ఉంది, మేకూ ఉంది. మావారు డ్యూటీలన్నీ ముగించుకుని శనివారం ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే దాన్ని బిగించి తగిలించారు. ఆ మేకు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నేనిక మంచును స్కేలుతో కొలవను. కొలిచినా, ఎన్ని అంగుళాలో ఎవరికీ చెప్పను.